ఫలక్‌నుమా ప్రాసాదం: నిజాం అతిథిగృహం నుంచి వారసత్వ హోటల్ వరకు

హైదరాబాద్ పాతనగరానికి దక్షిణాన, చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఒక గుట్టపై ఉన్న తెల్లని భవన సముదాయమే ఫలక్‌నుమా ప్రాసాదం. సికింద్రాబాద్, హౌరాల మధ్య నడిచే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ కారణంగా ఈ పేరు తెలుగు ప్రజలందరికీ సుపరిచితమే. అయితే ఆ రైలు పేరు విన్నవారిలో ఆ భవనాన్ని లోపలికి వెళ్ళి చూసినవారు చాలా తక్కువ. ఒక అమీరు తన నివాసంగా నిర్మించుకున్న ఈ మహలు, ఆరవ నిజాం కాలంలో రాజ్య అతిథిగృహంగా ప్రసిద్ధి చెందింది. ఆ తరువాత సుమారు అర్ధ శతాబ్దం పాటు అతిథులకు దూరమై, 2010 నవంబర్‌లో వారసత్వ హోటల్‌గా తిరిగి తెరుచుకుంది. పురాతన ప్రాసాదాలను కాపాడుకొనే మార్గం ఏమిటి, దానికి ఎంత కాలం, ఎంత ఓర్పు అవసరం అన్న ప్రశ్నలకు ఈ భవన చరిత్రలో స్పష్టమైన సమాధానం లభిస్తుంది.

పేరు, పరిసరాలు

'ఫలక్' అంటే ఆకాశం. 'నుమా' అంటే పోలినది లేదా చూపేది. ఆకాశాన్ని తలపించే భవనం అన్న అర్థంలో దీనికి ఫలక్‌నుమా అన్న పేరు ఏర్పడింది. ప్రాసాదం, ఉద్యానవనాలు కలిపి ఆవరణ విస్తీర్ణం సుమారు 32 ఎకరాలు. ఎత్తయిన ప్రదేశంలో ఉన్నందున ఇక్కడి నుంచి పాతనగరం చాలా వరకు కనిపిస్తుంది.

గుట్టకు వాయవ్య దిశలో మూడు, నాలుగు కిలోమీటర్ల దూరంలో మీర్ ఆలం చెరువు ఉంది. హైదరాబాద్ దివానుగా పనిచేసిన మీర్ ఆలం పేరిట 19వ శతాబ్దం ఆరంభంలో ఈ చెరువును నిర్మించారు. 21 అర్ధవృత్తాకార కమానులను వరుసగా పేర్చినట్లు కట్టిన దీని ఆనకట్ట ఇంజనీరింగ్ విశేషంగా ప్రసిద్ధి పొందింది. 1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అందుబాటులోకి వచ్చే వరకు నగరానికి ముఖ్యమైన తాగునీటి వనరులలో ఈ చెరువు ఒకటి. ఫలక్‌నుమా ప్రాసాదం కట్టిన నాటికి ఈ ప్రాంతమంతా నగరానికి వెలుపల ఉండేది. కాలక్రమేణా గుట్ట చుట్టూ బస్తీలు విస్తరించి, ప్రాసాదం నగరం మధ్యకు వచ్చినట్లయింది.

నిర్మాత వికారుల్ ఉమ్రా

ఫలక్‌నుమాను నిర్మించినవారు నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. హైదరాబాద్ సంస్థానంలో నిజాం వంశం తరువాత అంతటి ప్రాభవం గల పాయెగా వంశానికి చెందిన ఆయన, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు స్వయానా బావ. 1893 నుంచి 1901 వరకు హైదరాబాద్ రాజ్య ప్రధానమంత్రిగా వ్యవహరించారు. కట్టడాలపై ఆయనకు అమితమైన ఆసక్తి. ఐరోపా పర్యటనలలో చూసిన భవనాల ప్రభావం ఆయన చేపట్టిన నిర్మాణాలలో కనిపిస్తుంది. బేగంపేటలోని స్పానిష్ మసీదు కూడా ఆయన తలపెట్టినదే. వికారాబాద్ పట్టణానికి ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే.

1884 మార్చి 3న ఫలక్‌నుమాకు శంకుస్థాపన జరిగింది. విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి నమూనా రూపొందించారు. నిర్మాణం, అలంకరణ పూర్తి కావడానికి సుమారు తొమ్మిది సంవత్సరాలు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి, ఐరోపా దేశాల నుంచి దీపాల గుత్తులు, రంగుటద్దాలు, కలపసామగ్రి తెప్పించారు. పైనుంచి చూస్తే భవన సముదాయం తేలు ఆకారంలో కనిపించడం దీని ప్రత్యేకత. ఇటాలియన్, ట్యూడర్ శైలుల మేళవింపుగా కట్టిన ప్రధాన భవనంతో పాటు గోల్ బంగ్లా, జనానా మహల్ ఈ సముదాయంలో భాగాలు.

నిజాం చేతికి

ఇంతటి కట్టడానికి అయిన వ్యయం నిర్మాత ఆర్థిక స్థితిని దెబ్బతీసిందని ప్రతీతి. 1897 ప్రాంతంలో మహబూబ్ అలీ ఖాన్ ఈ ప్రాసాదంలో విడిది చేసి, దాని అందానికి ముగ్ధులయ్యారు. వికారుల్ ఉమ్రా భవనాన్ని ఆయనకు అప్పగించగా, నిజాం అందుకు తగిన మూల్యం చెల్లించి స్వాధీనం చేసుకున్నారు. అప్పటి నుంచి ఫలక్‌నుమా రాజ్యానికి వచ్చే విశిష్ట అతిథుల విడిదిగా మారింది. 1906లో భారత పర్యటనకు వచ్చిన వేల్స్ యువరాజు, అనంతర కాలంలో ఐదవ జార్జి చక్రవర్తి, యువరాణి మేరీతో కలిసి ఇక్కడ బస చేశారు. హైదరాబాద్ ప్రజలు మహబూబ్ అలీ పాషా అని ఆప్యాయంగా పిలుచుకొన్న ఆరవ నిజాం, 1911 ఆగస్టులో ఈ ప్రాసాదంలోనే కన్నుమూశారు.

ఆయన కుమారుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠిలో నివసించారు. ఫలక్‌నుమా అతిథిగృహంగా కొనసాగినా, నిజాం నిత్యజీవితానికి కేంద్రం మాత్రం కాలేదు.

భవన విశేషాలు

ప్రధాన ద్వారం దాటగానే ఫౌంటెన్‌తో కూడిన పాలరాతి ముఖమండపం ఉంటుంది. పై అంతస్తుకు చేర్చే పాలరాతి మెట్లు, చెక్కిన పిట్టగోడలు, గోడలపై వరుసగా అమర్చిన చిత్తరువులు సందర్శకులను ఆకట్టుకొంటాయి. ఇంగ్లండులోని విండ్సర్ కోట గ్రంథాలయం నమూనాలో రూపొందించిన గ్రంథాలయంలో చెక్కడపు పనితనంతో కూడిన చెక్క పైకప్పు, అరుదైన గ్రంథాలు, ఖురాన్ ప్రతులు ఉన్నాయి. జేడ్ గది, నాట్యశాల, బిలియర్డ్స్ గది, దర్బారు హాలు ఇతర ఆకర్షణలు. వెనిస్ గాజుపనితనపు దీపాల గుత్తులు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నగరంలో విద్యుత్ దీపం వింతగా ఉన్న రోజులలోనే ప్రాసాదంలో విద్యుద్దీపాల ఏర్పాటు జరిగింది. వాటిని నియంత్రించేందుకు అమర్చిన భారీ స్విచ్ బోర్డును నేటికీ చూడవచ్చు.

వీటన్నింటిలోకీ పేరెన్నిక గన్నది భోజనశాల. ఏకకాలంలో 101 మంది కూర్చుని భుజించగల పొడవైన భోజనపు బల్ల ఇక్కడ ఉంది. చెక్కిన కలప కుర్చీలకు ఆకుపచ్చ తోలు దిండ్లు అమర్చారు. బల్ల ఒక చివర కూర్చున్నవారు మెల్లగా మాట్లాడిన మాట రెండవ చివర కూర్చున్నవారికి వినిపించే విధంగా గది నిర్మాణం ఉందని చెబుతారు. అతిథిని ఎంత దూరాన కూర్చోబెట్టినా విందులో భాగస్వామిని చేయాలన్న ఆలోచన ఈ ఏర్పాటులో వ్యక్తమవుతుంది.

మూతపడిన తలుపులు

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయింది. 1951లో విడిది చేసిన అప్పటి రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్‌ను ఈ ప్రాసాదపు చివరి విశిష్ట అతిథిగా పేర్కొంటారు. 1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ మరణించగా, ఆయన మనుమడు ముకర్రం జా వారసుడయ్యారు. వారసత్వంతో పాటు వేలాది మంది ఆశ్రితుల పోషణ, పన్నులు, వ్యాజ్యాలు కూడా ఆయనకు సంక్రమించాయి. 1971లో రాజ్యాంగ సవరణ ద్వారా రాజభరణాలు రద్దయ్యాయి. 1970లలో ముకర్రం జా ఆస్ట్రేలియాకు తరలివెళ్ళారు. ఫలక్‌నుమా తలుపులకు తాళాలు పడ్డాయి.

భవనాలకు వాడకం లేకపోవడమే పెద్ద వ్యాధి. పైకప్పులో ఒకచోట చిన్న పగులు ఏర్పడినా, నిత్యం మనుషులు తిరిగే ఇంట్లో అది వెంటనే కనబడుతుంది. తాళం వేసిన భవనంలో నాలుగు వానకాలాలు గడిచిన తరువాత గానీ తెలియదు. అప్పటికి నీరు గోడలోకి ఇంకుతుంది, సున్నపు పూత ఉబ్బి రాలుతుంది, దూలాలకు చెదలు పడతాయి. తెరలు, తివాచీలు, తోలు, కాగితం గాలి ఆడక జీర్ణిస్తాయి. ఫలక్‌నుమా వంటి భవనంలో గోడలు, కప్పులు ఎంత విలువైనవో లోపలి సామగ్రి అంతకంటే సున్నితమైనది. సుమారు అర్ధ శతాబ్దం పాటు ఈ సంపద అంతా కాలానికి ఎదురొడ్డి నిలవవలసి వచ్చింది.

పదేళ్ళ పునరుద్ధరణ

1990లలో ముకర్రం జా కోరిక మేరకు ఆయన మాజీ భార్య, టర్కీకి చెందిన యువరాణి ఎస్రా హైదరాబాద్‌కు తిరిగి వచ్చి నిజాం ఆస్తుల వ్యవహారాలను చేపట్టారు. ఆమె ఆధ్వర్యంలో మొదట పాతనగరంలోని చౌమహల్లా ప్రాసాదం పునరుద్ధరణకు నోచుకొంది. 2005లో దానిని ప్రజల సందర్శనార్థం తెరిచారు. ఆ కృషికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో గుర్తింపు లభించింది.

ఫలక్‌నుమా విషయంలో వేరొక మార్గం అవలంబించారు. 2000 సంవత్సరంలో తాజ్ హోటళ్ళను నిర్వహించే ఇండియన్ హోటల్స్ కంపెనీకి దీర్ఘకాలిక లీజుపై ప్రాసాదాన్ని అప్పగించారు. హోటల్ తలుపులు తెరుచుకోవడానికి పదేళ్ళు పట్టింది. సాధారణంగా ఒక కొత్త హోటల్ కట్టడానికి పట్టే సమయంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కొత్త భవనంలో గోడను అవసరానికి తగినట్లు కట్టుకోవచ్చు. పాత భవనంలో అవసరాన్నే గోడకు తగినట్లు మలచుకోవాలి. శయ్యాగృహానికి స్నానాల గది చేర్చాలన్నా, గదికి శీతలీకరణ యంత్రం అమర్చాలన్నా, వంటశాలకు అగ్నిమాపక ఏర్పాట్లు చేయాలన్నా గొట్టాలు, తీగలు ఎక్కడి నుంచి తీసుకువెళ్ళాలన్నది పెద్ద సమస్యే. సున్నపు గోడలకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటకు పోయే దారి మూసుకుపోయి గోడ దెబ్బతింటుంది. కాబట్టి పాత కట్టడాల మరమ్మతులో పాత పదార్థాలనే వాడడం సంరక్షణ నిపుణులు పాటించే నియమం.

యువరాణి ఎస్రా పర్యవేక్షణలో దీపాల గుత్తులు, కలపసామగ్రి, రంగుటద్దాలు, కుడ్యచిత్రాలు, తెరలు, తివాచీలు ఒక్కొక్కటిగా శుభ్రపరచడం, బాగుచేయడం, వీలుకాని చోట పాత నమూనాలను అనుసరించి తిరిగి తయారు చేయించడం జరిగింది. 2010 నవంబర్‌లో 60 గదులు, సూట్లతో తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్ ప్రారంభమయింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించారు. ఆయన భౌతికకాయాన్ని హైదరాబాద్‌కు తరలించి మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు.

హోటల్, విందు సంప్రదాయం

హోటల్‌కు వచ్చే అతిథులను వెలుపలి ద్వారం నుంచి గుర్రపు బగ్గీలో ప్రాసాదం వద్దకు తీసుకువెళ్ళడం, మెట్లపై గులాబీ రేకులు చల్లి ఆహ్వానించడం ఇక్కడి ఆనవాయితీ. హోటల్‌లోని 'అదా' భోజనశాల హైదరాబాదీ వంటకాలకు, 'సెలెస్ట్' పాశ్చాత్య వంటకాలకు ప్రత్యేకించినవి. 101 మంది కూర్చునే పాత భోజనశాల నేటికీ ప్రత్యేక విందులకు ఉపయోగపడుతోంది. 2017 నవంబర్ 28న హైదరాబాద్‌లో ప్రారంభమైన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా, ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోడీ అమెరికా ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించిన ఇవాంకా ట్రంప్‌కు, ఇతర ప్రతినిధులకు ఈ ప్రాసాదంలోనే విందు ఇచ్చారు.

హైదరాబాదీ వంట అనేక సంప్రదాయాల సంగమం. మొగలాయీ, పారసీక, అరబ్బు, తురుష్క పద్ధతులు తెలుగునేల పంటలతో కలిసి ఇక్కడ ఒక ప్రత్యేక రుచిగా రూపొందాయి. మసాలా పట్టించిన పచ్చి మాంసంపై సగం ఉడికిన బియ్యం పరచి, గిన్నె మూత చుట్టూ పిండితో మూసి, సన్నని సెగపై మగ్గించేది కచ్చీ బిర్యానీ. గోధుమలు, పప్పులు, మాంసం గంటల తరబడి ఉడికించి, మెత్తగా ఎనిపి తయారుచేసేది హలీం. కాల్చిన బండరాతిపై వండేది పత్థర్ కా గోష్త్. మిర్చీ కా సాలన్‌లోని నువ్వులు, పల్లీలు, చింతపండు, చింతచిగురుతో చేసే చుగర్ గోష్త్, గోంగూరతో చేసే అంబాడే కా గోష్త్ తెలుగువారి వంటింటితో ఈ సంప్రదాయానికి గల బంధుత్వాన్ని చాటుతాయి. ఎండు నేరేడు పండ్లుగా కొందరు పొరబడే ఖుబానీలతో, అంటే ఆప్రికాట్ పండ్లతో చేసే ఖుబానీ కా మీఠా ఇక్కడి ప్రసిద్ధ మిఠాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా ప్రకటించింది.

ఇతర ప్రాసాదాల అనుభవం

రాజప్రాసాదాలను హోటళ్ళుగా మార్చే ప్రక్రియ దేశంలో రాజస్థాన్‌లో ముందుగా బలపడింది. జయపూర్‌లోని రాంబాగ్ ప్యాలెస్ 1957లో హోటల్‌గా మారింది. ఉదయపూర్‌లో పిచోలా సరస్సు మధ్య 18వ శతాబ్దంలో నిర్మించిన జలమహలు 1960లలో హోటల్ అయింది. కేంద్ర పర్యాటక శాఖ 1950కి పూర్వం నిర్మించిన కోటలు, భవంతులలోని హోటళ్ళను 'హెరిటేజ్' హోటళ్ళుగా వర్గీకరించింది. వాటిలో 1935కు పూర్వపు భవనాలకు మరింత ఉన్నత శ్రేణులు ఏర్పరచింది. భవనం ముఖరూపాన్ని, వాస్తును మార్చకూడదన్నది ఈ వర్గీకరణలో ముఖ్యమైన షరతు.

హైదరాబాద్‌లోని ప్రాసాదాలు ఒక్కొక్కటి ఒక్కొక్క దారిలో నడిచాయి. చౌమహల్లా ప్రదర్శనశాలగా మారింది. బెల్లా విస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఏర్పడింది. కింగ్ కోఠిలో కొంతభాగం ప్రభుత్వ ఆసుపత్రి అయింది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మహిళా కళాశాలకు నిలయమయింది. ఎర్రమంజిల్ ప్రభుత్వ కార్యాలయాలకు ఉపయోగపడింది. దాని స్థానంలో శాసనసభ భవనం నిర్మించాలన్న 2019 నాటి నిర్ణయాన్ని హైకోర్టు అదే సంవత్సరం సెప్టెంబర్‌లో కొట్టివేసింది.

వీటిలో హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ అనుభవం ప్రత్యేకంగా గమనించదగినది. హుస్సేన్‌సాగర్‌కు సమీపంలో, నౌబత్ పహాడ్ గుట్ట వద్ద నిజామత్ జంగ్ 1915లో నిర్మించిన ఈ భవంతి, అనంతర కాలంలో రిట్జ్ హోటల్‌గా నగర ప్రముఖులకు, ప్రయాణికులకు చిరపరిచితమయింది. హోటల్ మూతపడిన తరువాత భవనం ఆలనాపాలనా లేక శిథిలావస్థకు చేరింది. దాని సంరక్షణ విషయం హైకోర్టు వరకు వెళ్ళింది. ఫలక్‌నుమా కంటే ఎన్నో ఏళ్ళ ముందే హోటల్‌గా మారిన భవనం, నిరంతర సంరక్షణ కొరవడి దెబ్బతిన్నది. ప్రాసాదాన్ని హోటల్‌గా మార్చినంత మాత్రాన అది నిలవదని, వచ్చే ఆదాయంలో తగిన భాగం కప్పుకు, గోడకు, తలుపుకు ప్రతి సంవత్సరం తిరిగి చేరినప్పుడే నిలుస్తుందని ఈ రెండు భవనాల చరిత్ర తెలుపుతోంది.

సామాన్య సందర్శకులు

విలాసవంతమైన హోటల్‌గా మారిన చారిత్రక భవనం సామాన్యులకు అందుబాటులో ఉంటుందా అన్న ప్రశ్న సహజం. చౌమహల్లాను తక్కువ రుసుముతో టిక్కెట్టు కొని ఎవరైనా చూడవచ్చు. ఫలక్‌నుమా ప్రధానంగా హోటల్ అతిథులకు ఉద్దేశించినది. ఇక్కడి గది అద్దె మధ్యతరగతికి అందనిది. గుట్ట చుట్టూ ఉన్న బస్తీలలో పుట్టి పెరిగినవారిలో అనేకులు ప్రాసాదాన్ని దూరం నుంచి చూసినవారే. ఈ లోటును కొంతవరకు పూరించేందుకు బస చేయనివారికి కూడా ముందస్తు రిజర్వేషన్‌పై తేనీటి విందు, భోజనం సందర్భాలలో ప్రాసాదాన్ని చూసే ఏర్పాటు కల్పించారు. పర్యాటకాభివృద్ధి సంస్థ కూడా చౌమహల్లాతో కలిపి నిజాం ప్రాసాదాల యాత్రను నిర్వహించింది. వెళ్ళదలచినవారు రోజులు, రుసుముల వివరాలను ముందుగా విచారించుకొని రిజర్వు చేసుకోవడం మంచిది. ప్రాసాదానికి సమీపంలోనే ఫలక్‌నుమా రైల్వేస్టేషన్ ఉంది. ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళ ద్వారా సికింద్రాబాద్ వైపు నుంచి ఇక్కడికి చేరుకోవచ్చు. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియంలతో కలిపి ఒకే రోజులో పాతనగర దర్శనం చేసుకొనే వీలుంది.

తెలంగాణ రాష్ట్రంలో వారసత్వ కట్టడాల రక్షణకు 2017లో ప్రత్యేక చట్టం రూపొందింది. చట్టం కూల్చివేతను ఆపగలదు గానీ, కురిసే కప్పును ప్రతి వానకాలానికి ముందు బాగుచేయించలేదు. అందుకు నిత్యం వాడుకలో ఉన్న భవనం, దానిని కనిపెట్టి ఉండే మనుషులు కావాలి. అతిథుల కోసం వెలసిన ఫలక్‌నుమాకు ఆ రెండూ అతిథుల ద్వారానే తిరిగి లభించాయి. చూడగోరిన ప్రతి పౌరునికీ ఏదో ఒక రోజున ఆ మెట్లు ఎక్కే అవకాశం కలిగినప్పుడు ఈ పునరుద్ధరణకు మరింత సార్థకత చేకూరుతుంది.